టైటిల్స్‌లో వేస్తాంలేమ్మా

నా గొంతు మీరు వినే ఉంటారు. పేరు మాత్రం విని ఉండరు. మద్రాసులో పదమూడేళ్లు, ఆ తర్వాత హైదరాబాదులో ఎనిమిదేళ్లు నేను డబ్బింగ్ చెప్పాను. తెలుగు ముక్క రాని బొంబాయి అమ్మాయిలు తెర మీద మొగుణ్ణి నిలదీసినా, చంటిపిల్ల కోసం గుండెలు బాదుకున్నా, ఆ నిలదీయడమూ ఆ ఏడుపూ నావే. ఒకమ్మాయికి నా ఏడుపుకే పెద్ద అవార్డు వచ్చింది. స్టేజి ఎక్కి వాళ్లమ్మకూ, డైరెక్టరుగారికీ, దేవుడికీ ఇంగ్లీషులో థాంక్స్ చెప్పింది. అప్పుడు నేను టీవీ ముందు కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను.

ప్రతి సినిమాకూ ప్రొడక్షన్ మేనేజరుది ఒకటే మాట. "టైటిల్స్‌లో వేస్తాంలేమ్మా. మీ పేరు వెయ్యకుండా ఉంటామా?" నేను నమ్మి మొదటిరోజు మ్యాట్నీకి వెళ్లేదాన్ని. టైటిల్స్‌లో గుర్రాలు తెచ్చినవాళ్ల పేరుండేది, మిఠాయిలు పంపిన కొట్టు పేరుండేది, నాది ఉండేది కాదు. తర్వాతి సినిమాకు మళ్లీ అదే మాట, మళ్లీ నాది అదే నమ్మకం. కాగితం మీద రాసివ్వమని అడగడం మా లైన్లో లేదు. అడిగితే ఈవిడకు పొగరెక్కిందని ఇంకొకరిని పిలుస్తారు. పైగా నాకు మొహమాటం ఎక్కువ. ఈ కథంతా ఆ మొహమాటం వల్ల వచ్చిందే.

1999లో మా ఆయన ఆంజనేయప్రసాద్‌కు కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష పుణ్యమా అని ఇంగ్లండులో రీడింగ్ అనే ఊళ్లో కాంట్రాక్టు దొరికింది. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచమంతా భయపడిన ఏడాది అది. కంప్యూటర్లు ఆగలేదు కానీ నా పని ఆగిపోయింది. రీడింగ్‌లో డబ్బింగ్ థియేటర్ ఎక్కడుంటుంది? మా అమ్మాయి రుచిత బడికి పోతే, రెండు గదుల ఫ్లాట్‌లో నేను గోడలతో మాట్లాడుకున్నాను. పక్కింటి పంజాబీ ఆవిడ చెబితే, 2001లో థేమ్స్ పక్కన ఉన్న ఒక కేర్ హోమ్‌లో పనికి చేరాను. ఇరవై రెండు మంది పెద్దవాళ్లు, ఎవరికి ఏ డ్యూటీయో చెప్పే వారానికో రోటా, నీలం గళ్ల యూనిఫాం.

ఏడో నంబరు గదిలోకి టీ పట్టుకెళ్లిన మొదటిరోజు కిటికీ వైపు తిరిగి కూర్చున్న ముసలావిడ అంది: "ఆ కర్టెన్ కొంచెం జరుపు, హనీ. నది కనపడకపోతే నాకు టీ దిగదు."

నేను కర్టెన్ జరపలేదు. ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అది గొంతా! కింది స్థాయిలో మొదలై, మాట చివర కొంచెం గరగరమని ఆగిపోయే గొంతు. ఇరవై ఏళ్లు మైకు ముందు నిలబడ్డ దాన్ని, అలాంటి గొంతు వింటే నాకు ఆకలి మొదలవుతుంది. ఆ సాయంత్రం బస్సులో ఇంటికి పోతూ ఆ రెండు వాక్యాలూ ఆవిడలాగే పదిసార్లు గొణుక్కున్నాను. పక్క సీటాయన లేచి వేరే సీట్లోకి వెళ్లాడు.

ఆవిడ పేరు కోరా వింటన్. అమెరికన్ సినిమా తార. నలభైల చివర్లో, యాభైల్లో పన్నెండు సినిమాలు చేసింది. హోమ్‌లో అందరూ ఆవిడను మిస్ వింటన్ అనేవాళ్లు. నాకు డెబ్బై ఏడేళ్ల మనిషిని అలా పిలవడం నోరు తిరగలేదు. రెండో వారానికల్లా ఆంటీ అన్నాను. ఆవిడ నవ్వి, "నాకు మేనకోడళ్లు లేరే!" అంది. ఉన్నట్టే అనుకోమన్నాను. ఆవిడకు నిర్మలాదేవి అని నా పేరు పూర్తిగా పలకడం కష్టమై దేవీ అని పిలిచేది.

నేను కూడా సినిమా మనిషినే అని తెలిశాక మా ఇద్దరికీ ఇక మాటలకు అంతులేదు. 2003లో ఒకరోజు, "నా కథ రాయడానికి ఎవరూ రారు దేవీ, నాతోనే పోతుంది" అంది. ఇంట్లో ఉన్న టేప్ రికార్డర్ తెచ్చాను. డ్యూటీ అయ్యాక గంటన్నర ఆవిడ చెప్పేది, నేను అడిగేదాన్ని. రెండేళ్లలో నలభై ఒక్క క్యాసెట్లు అయ్యాయి. ఇంటికొచ్చి వంట చేసి, మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని అవన్నీ టైపు చేసేదాన్ని. ఆవిడ ఇవాళ పెళ్లి గురించి మొదలుపెట్టి చిన్నప్పటి కుక్క దగ్గర ముగించేది. దాన్ని ముందువెనకలు సర్ది, విడిపోయినచోట అతికి, ఆవిడ మాట్లాడినట్టే వినపడేలా వాక్యం కూర్చడం నా పని. బెజవాడలో బి.ఏ. ఇంగ్లీషు లిటరేచర్ చదివినందుకు అదొక్కటే ఫలితం.

ఆవిడ కథ అంత తేలికైంది కాదు. పుట్టింది ఆర్కన్సాలో, కలప కోసే మిల్లు ఉన్న ఊళ్లో. అసలు పేరు క్లారా మే. సబ్బుల కంపెనీ పెట్టిన అందాల పోటీలో గెలిచి ఇరవై రెండేళ్లకు కాలిఫోర్నియా రైలెక్కింది. స్టూడియోవాళ్లు ఏడేళ్ల ఒప్పందం రాయించుకుని పేరు మార్చారు, జుట్టు రంగు మార్చారు, రెండు పళ్లు పీకించారు. మూడేళ్లు టెలిఫోన్ ఆపరేటరు వేషాలూ, శవం వేషాలూ వేసింది. తర్వాత ఒక సినిమాలో లైట్‌హౌస్ కాపలాదారు భార్య వేషం దొరికింది. ఆ సినిమాతో, ముఖ్యంగా ఆ సినిమాలోని గొంతుతో, కోరా వింటన్ అంటే ఎవరో దేశమంతా తెలిసింది. 54లో ఒక వేషం చేయనన్నందుకు స్టూడియో సస్పెండ్ చేసింది. 57లో సినిమా కోసం ఇంగ్లండు వచ్చింది. ఆ సినిమా ఆగిపోయింది, దాని కెమెరా అసిస్టెంటును పెళ్లి చేసుకుని ఇక్కడే ఉండిపోయింది. పిల్లలు లేరు. ఆయన పోయి పదిహేనేళ్లు.

"అట్ట మీద నీ పేరు కూడా ఉంటుంది దేవీ" అని ఆవిడే అంది, నేను అడగలేదు. "కోరా వింటన్, నిర్మలాదేవితో కలిసి. అంతే. నాకు నువ్వే కదా రాసి పెడుతున్నది."

ఆ రాత్రి అన్నం తింటూ ఆ మాట మా ఆయనతో చెప్పాను. ఆయన పచ్చడి కలుపుకుంటూనే, "పేపర్ మీద రాయించుకో" అన్నాడు.

"ఎనభై ఏళ్ల మనిషిని కాగితం అడగనా? ఏం బాగుంటుంది?"

"బాగుండటానికి ఇదేమన్నా పేరంటమా? ఇక్కడ కౌన్సిల్ వాళ్లు చెత్తబుట్ట ఇవ్వాలన్నా సైన్ చేయించుకుంటారు. నీకు నోటిమాట చాలా?"

"ఆవిడ అలాంటిది కాదండీ" అన్నాను. మద్రాసులో కూడా ఇదే అనేదాన్ని.

2004 చలికాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఆ లైట్‌హౌస్ సినిమా వేశారు. హోమ్‌లో పెద్ద హాలంతా నిండిపోయింది. ఆంటీ ముందు వరసలో శాలువా కప్పుకుని కూర్చుంది. నేను బిస్కెట్ల పళ్లెం పట్టుకుని గోడకు ఆనుకుని చూస్తున్నాను.

పది నిమిషాలకు నాకు అనుమానం వచ్చింది. అందరూ పెదాలు చూస్తారు, నేను భుజాలు చూస్తాను. మనిషి మాట మొదలుపెట్టే ముందు భుజాలు కొంచెం లేస్తాయి, అక్కడే ఊపిరి వినపడాలి. షూటింగులో పట్టిన గొంతయితే భుజమూ ఊపిరీ కలిసే వస్తాయి. తర్వాత ఎవరో థియేటర్లో నిలబడి చెప్పినదయితే, పెదాలు ఎంత బాగా కలిసినా ఊపిరి వెంట్రుకవాసి వెనకబడుతుంది. నేను వెయ్యిసార్లు ఆ వెంట్రుకవాసి కోసం తిట్లు తిన్నాను. ఆ సినిమాలో కోరా వింటన్ ఊపిరి మొదటి నుంచి చివరిదాకా వెనకబడే ఉంది. ఒక్క పాటో, ఒక్క సీనో కాదు. మొత్తం.

మర్నాడు క్యాసెట్ పెట్టి అడిగాను. "ఆంటీ, లైట్‌హౌస్ సినిమాలో మీకు ఎవరు చెప్పారు?"

ఆవిడ నదివైపు తిరిగింది. "యాభై అయిదేళ్లలో ఈ మాట అడిగింది నువ్వొక్కదానివే" అంది. తర్వాత మొత్తం చెప్పింది.

నెబ్రాస్కా నుంచి వచ్చిన రూత్ పెల్ అనే రేడియో ఆర్టిస్టు. ముప్ఫై రెండేళ్లది, ముఖం మీద మశూచి మచ్చలు. కోరాది అప్పట్లో సన్నని కీచుగొంతు, ఆర్కన్సా యాస. షూటింగంతా అయ్యాక డైరెక్టరు ఆ గొంతు తీసేయమన్నాడు. రూత్ పదకొండు రోజులు నిలబడి సినిమా మొత్తం చెప్పింది. అంతేకాదు, రేపు విలేకరులతో మాట్లాడాల్సి వస్తుంది కదా అని తన గొంతు ఎలా తీయాలో కోరాకు దగ్గర కూర్చుని నేర్పింది. టైటిల్స్‌లో రూత్ పేరు వేస్తామని స్టూడియో ఒప్పుకుంది. కార్డు కూడా తయారైంది.

"నేను ఆఫీసుకు వెళ్లి ఏడ్చాను" అంది ఆంటీ. "ఆ కార్డు వేస్తే నేను మళ్లీ శవం వేషాలకు పోవాలి అన్నాను. తీసేశారు. మొదటి ఆటకు రూత్ చెల్లెల్ని కూడా తెచ్చుకుంది, తన పేరు చూపిద్దామని. నాకు రెండు వరసల వెనక కూర్చుంది. అయిపోయాక నా దగ్గరికొచ్చి, 'చాలా బాగా కనిపించావు' అంది. అంతే. మళ్లీ నాతో మాట్లాడలేదు. 71లో పోయిందని విన్నాను."

ఆవిడ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. మ్యాట్నీలో టైటిల్స్ చూడటానికి వెళ్లడమంటే ఏమిటో నాకు కాక ఇంకెవరికి తెలుసు? నాకు ఆవిడ మీద కోపం రావాల్సింది. రాలేదు. ఇన్నేళ్లకు ఒప్పుకుంది కదా అని కరిగిపోయాను. ఈ గొంతు కూడా ఆవిడది కాదు, రూత్‌దే, ఈవిడ యాభై అయిదేళ్లుగా దాన్ని వాడుకుంటోంది అని మాత్రం ఆ రోజు అర్థమైంది.

"ఇది పుస్తకంలో ఉండాలి. రూత్ పేరు ఉండాలి, నీ పేరు ఉండాలి. ఈసారి నేను తప్పు చేయను" అంది నా చెయ్యి పట్టుకుని. ఆ అధ్యాయం టైపు చేసినంత శ్రద్ధగా నేను జీవితంలో ఏ పనీ చేయలేదు. పదమూడు పేజీలు.

2005లో పబ్లిషర్ తరఫున లండన్ నుంచి హారియట్ అనే ఆవిడ వచ్చింది. చక్కటి మనిషి, నాకు కూడా పూలు తెచ్చింది. నలభై ఒక్క క్యాసెట్లూ, నేను టైపు చేసిన మూడువందల పేజీలూ తీసుకుంది. నా ముందు ఒక కాగితం పెట్టి, రికార్డింగులు వాడుకోవడానికి మామూలుగా తీసుకునే సంతకం అంది. నేను ఆంటీ వైపు చూశాను. ఆంటీ తలూపింది. డబ్బింగ్ థియేటర్లో వోచరు మీద చదవకుండా సంతకం పెట్టే అలవాటు నాది. పెట్టాను.

పుస్తకం 2006 సెప్టెంబరులో వచ్చింది. హోమ్ తోటలో చిన్న పార్టీ. నాకు ఆ రోజు టీల డ్యూటీ పడింది. కప్పులు పంచుతూ బల్ల మీది కట్టలోంచి ఒక పుస్తకం తీసి చూశాను. అట్ట మీద ఆవిడ ఫొటో, ఆవిడ పేరు. లోపల మొదటి పేజీ చూశాను, రెండోది చూశాను. చివర కృతజ్ఞతల్లో పన్నెండు పేర్లున్నాయి. ఆవిడ పళ్ల డాక్టరు పేరు కూడా ఉంది. ఆఖరి లైను: "నన్ను ఓపిగ్గా చూసుకుంటున్న సిబ్బందికి." లైట్‌హౌస్ అధ్యాయం ఉంది, అందులో రూత్ పెల్ లేదు. మిగతా పేజీలన్నింటిలో నా వాక్యాలు నేను పెట్టిన కామాలతో సహా ఉన్నాయి.

మళ్లీ మ్యాట్నీలోనే కూర్చున్నాను అనిపించింది. కప్పుల ట్రే వంటింట్లో పెట్టి, ఫ్రీజర్ ఉన్న గదిలోకి పోయి ఏడ్చాను.

మర్నాడు అడిగితే ఆవిడ కళ్లు మూసుకుని చెప్పింది. "అట్ట మీద రెండు పేర్లుంటే కొనేవాళ్లు తికమక పడతారని హారియట్ అంది. రూత్ సంగతి అమ్మకాలకు మంచిది కాదంది. తర్వాతి ప్రింటుకు నీ పేరు వేస్తారు దేవీ. నేను చెబుతాను కదా."

ఇంగ్లీషులో చెప్పినా నాకు తెలుగులోనే వినపడింది. టైటిల్స్‌లో వేస్తాంలేమ్మా.

ఇంట్లో మా ఆయన గొంతు పెంచాడు. "చెప్పానా లేదా? పేపర్ రాయించుకోమని మొత్తుకున్నాను. వింటేగా! ఆంటీ ఆంటీ అని ఆవిడ చుట్టూ తిరిగావు. ఆవిడకి నువ్వు కేరర్‌వి. అంతే." రుచిత పుస్తకం తిరగేసి, "దట్స్ యువర్ సెంటెన్స్, మమ్! ఐ రిమెంబర్ యూ రీడింగ్ ఇట్ అవుట్" అంది. పని మానేద్దామనుకున్నాను. మానలేదు. తర్వాతి ప్రింటు అన్న మాటను పట్టుకుని వేలాడాను, సిగ్గులేకుండా.

జనవరిలో ఆంటీకి ఛాతీలో జబ్బు చేసి గొంతు పోయింది. డాక్టరు వచ్చి ఆరు వారాలు మాట్లాడొద్దన్నాడు. సరిగ్గా ఆ వారమే ఊళ్లోని రేడియో స్టేషన్‌వాళ్లు ఫోన్లో ఇంటర్వ్యూ పెట్టారు. లైవ్. మధ్యాహ్నం మూడింటికి.

ఆంటీ పలక మీద రాసి చూపించింది: "నువ్వు చెప్పు."

"నేనా?"

"నా గొంతు నీకు వచ్చు. నువ్వు బస్సులో చేస్తావట కదా." ఎప్పుడో నేనే సరదాగా చెప్పాను. పలక తుడిచి మళ్లీ రాసింది. "ఈ ఒక్కసారి. రేపే హారియట్‌కు ఫోన్ చేయిస్తాను నీ పేరు గురించి."

నేను ఒప్పుకున్నాను. ఆ మాట నమ్మి కాదు, అబద్ధం ఎందుకు? ఏడున్నరేళ్లుగా నా ముందు మైకు లేదు. నాకు ఆశ పుట్టింది. రెండు రోజులు వేడినీళ్లు తాగి, పెరుగు మానేసి, మద్రాసు రోజుల్లోలాగే గొంతు సిద్ధం చేసుకున్నాను. తలుపు గడియ పెట్టి, ఫోన్ పట్టుకుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ పెదాలు చప్పుడు లేకుండా కదిలిస్తుంది, నేను చెబుతాను. మా పనే అది.

ఇరవై నిమిషాలు అద్భుతంగా సాగింది. నేను నవ్వితే ప్రశ్నలడిగే రేడియో కుర్రాడు నవ్వాడు, నేను ఆగితే వాడూ ఊపిరి బిగపట్టాడు. మిల్లు గురించి, రైలు గురించి, పళ్లు పీకించడం గురించి చెప్పాను. అవన్నీ నేను రాసినవే కదా. అప్పుడు అతను అడిగాడు: "మిస్ వింటన్, ఈ గొంతు! లైట్‌హౌస్ సినిమా చూసినవాళ్లెవరూ మరచిపోలేరు. ఎక్కణ్ణుంచి వచ్చిందండీ ఇది?"

ఆంటీ పెదాలు కదిలాయి. "మా అమ్మ నుంచి."

ఇరవై ఒక్కేళ్లలో తెర మీది పెదాలకు కలపకుండా నేను ఒక్క మాట అనలేదు. ఆ రోజు కలపలేదు. ఊపిరి తీసుకుని, "రూత్ పెల్ నుంచి" అన్నాను. ఆ గొంతుతోనే, అంటే రూత్ గొంతుతోనే, రూత్ కథంతా చెప్పాను. పదకొండు రోజులు, తయారైన కార్డు, ఆఫీసులో ఏడుపు, చెల్లెల్ని వెంటబెట్టుకుని రెండు వరసల వెనక కూర్చున్న మనిషి. ఆంటీ కుర్చీ చేతులు పట్టుకుని తల అడ్డంగా ఊపుతూనే ఉంది. నేను ఆవిడ ముఖం చూస్తూనే చెప్పాను. నా పేరు చెప్పుకోలేదు. ఆ గొంతుతో నేను ఎవరని చెప్పుకోను? చచ్చిపోయిన మనిషికైనా న్యాయం జరిగితే అందులో నాకూ కొంత వస్తుందనుకున్నాను.

ఫోన్ పెట్టేశాక ఆంటీ పలక మీద ఒకే మాట రాసింది. "బయటికి పో."

నా ఉద్యోగం పోతుందనుకుని మూడు రోజులు భయపడ్డాను. నాలుగో రోజు లోకల్ పేపర్లో వచ్చింది, ఆ వారాంతంలో పెద్ద పేపర్లో కూడా వచ్చింది. ఎనభై రెండేళ్ల వయసులో కోరా వింటన్ చేసిన ధైర్యమైన ఒప్పుకోలు అట. సినిమా ప్రపంచంలో ఇంత నిజాయితీ ఎక్కడుందట. హోమ్‌కు పూలగుత్తులు వచ్చాయి. హారియట్ పరుగెత్తుకొచ్చింది. మేలో రెండో ప్రింటు వచ్చింది, కొత్త అధ్యాయంతో. అది నా పదమూడు పేజీలే. అట్ట మీద "సంచలన నిజాలతో" అని ఎర్రక్షరాలు వేశారు. నా పేరు వేయలేదు.

ఆంటీ అప్పటికి మాట్లాడుతోంది. నన్ను క్షమించేసింది కూడా! "నువ్వు నాకు మంచే చేశావు దేవీ" అంది నా చెంప తట్టి. "పేరు సంగతి అడిగాను. పేజీలు అప్పటికే సర్దేశారట."

జూన్‌లో ఒమాహా నుంచి ఉత్తరం వచ్చింది. ఆవిడకు చూపు మందగించి ఉత్తరాలన్నీ నేనే చదివి వినిపించేదాన్ని. రాసింది మేరియన్ అనే ఆవిడ, రూత్ చెల్లెలి కూతురు. "మా అమ్మ బతికున్నన్నాళ్లూ ఆ మొదటి ఆట గురించే చెప్పుకుని ఏడ్చేది. మీలాంటి పెద్దమనసు ఎవరికుంటుంది? మా కుటుంబమంతా మీకు రుణపడి ఉంటాం" అని రాసింది. ఆంటీ కళ్లు తుడుచుకుంది. చివరికి ఆ కన్నీళ్లు కూడా ఆవిడకే దక్కాయి.

నేను తట్టుకోలేకపోయాను. ఇంటికెళ్లి మేరియన్‌కు నేను ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు. ఎవరినీ తిట్టలేదు. నేనూ మీ పెద్దమ్మ లాంటి పనే చేసినదాన్ని, ఆ పుస్తకం నేను కూర్చాను, ఆ రోజు రేడియోలో మీ పెద్దమ్మ పేరు పలికింది నేను అని రాశాను. నాకేమీ వద్దు, మీకొక్కరికి తెలిస్తే చాలు అన్నాను. కింద పూర్తిగా సంతకం పెట్టాను: వేమవరపు నిర్మలాదేవి, డబ్బింగ్ ఆర్టిస్ట్. ఎనిమిదేళ్ల తర్వాత ఆ రెండో మాట రాసుకున్నాను. పోస్టు డబ్బాలో వేసి వస్తుంటే ఒళ్లు తేలికైంది. నన్ను అర్థం చేసుకోగల మనిషి ఈ భూమ్మీద ఒక్కరుంటే అది ఆవిడే అనుకున్నాను.

జులై నెలాఖరులో మళ్లీ ఒమాహా కవరు వచ్చింది. దాని మీద నా పేరు లేదు, మిస్ కోరా వింటన్ అని ఉంది. హోమ్ రూలు ప్రకారం ఉత్తరాలు వాళ్ల ఎదుటే విప్పాలి. ఆంటీ ఎదురుగా కూర్చుని విప్పాను. లోపల మేరియన్ రాసిన ఒక పేజీ, దానికి పిన్ను కొట్టి నా నాలుగు పేజీలు.

"చదువు దేవీ" అంది ఆంటీ.

చదివాను. "ప్రియమైన మిస్ వింటన్, మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని కాదు కానీ మీకు తెలియాలి. మీ దగ్గర పనిచేసే మనిషి ఒకరు నాకు విచిత్రమైన ఉత్తరం రాశారు. మీ పుస్తకం తనే రాశానంటోంది. రేడియోలో మాట్లాడింది కూడా తనేనట. ఇంటర్నెట్‌లో ఆ రికార్డింగు పెట్టుకుని మీ గొంతు నేను నా చెవులతో విన్నాను, అది అచ్చం మా పెద్దమ్మ గొంతే. పేరున్నవాళ్ల పక్కన చేరి ఇలా చెప్పుకునేవాళ్లు అన్నిచోట్లా ఉంటారు. మీరు జాగ్రత్తగా ఉండండి. ఆమె పేరు వేమవరపు నిర్మలాదేవి."

నేను ఎక్కడా తడబడలేదు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడే తీసుకున్నాను. ఇన్నేళ్లలో నేను చదివిన కాగితాల్లో నా పేరు ఉన్నది అదొక్కటే, దాన్ని కూడా నేనే పలకాల్సి వచ్చింది.

ఆంటీ ముఖంలోకి చూశాను. ఒక్క మాట చాలు నాకు. ఆ మనిషి చెప్పింది నిజమే అని రాయమంటే, మిగతావన్నీ మరచిపోదును. నిజంగా మరచిపోదును.

ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసింది.

"పాపం, ఆమెను కంగారు పెట్టకూడదు దేవీ. కాగితం తీసుకో. ప్రియమైన మేరియన్, మీ శ్రద్ధకు థాంక్స్. దేవి మంచి పిల్ల. నన్ను ఎంతో ప్రేమిస్తుంది. ఎక్కువకాలం సేవ చేసినవాళ్లకు ఒక్కోసారి మన జీవితం తమదేనని అనిపిస్తుంది. దాన్ని పట్టించుకోకండి. రాస్తున్నావా?"

రాస్తున్నాను. అలవాటు కదా, చెయ్యి దానంతటది రాస్తూనే ఉంది. 'పట్టించుకోకండి' దగ్గర ఆగి చూసుకున్నాను. అక్షరాలు గుండ్రంగా, చక్కగా ఉన్నాయి.

పెన్నుకు మూత పెట్టాను. ఆ కాగితం ఆవిడ ఒళ్లో పెట్టాను. పిన్ను తీసి నా నాలుగు పేజీలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

"మిగతాది మీరు రాసుకోండి, మిస్ వింటన్" అన్నాను, నా గొంతుతో.

ఆవిడ కంగారుగా తల తిప్పింది. ఆరేళ్లలో నేను ఆ పేరుతో పిలవడం ఎప్పుడూ వినలేదు. "ఎవరది?" అంది, కళ్లు చికిలించి. గదిలో ఇంకెవరో ఉన్నారనుకుంది.

రోటాలో తర్వాతిది ఎనిమిదో నంబరు గది. టీ ట్రే తీసుకుని అక్కడికి వెళ్లాను.